బేచిరాగ్

పరికిగూడ.
రెవెన్యూ గ్రామం.
విస్తీర్ణం రెండు వందల పదమూడు ఎకరాల తొమ్మిది గుంటలు.
జనాభా ఉండాల్సిన గడిలో ఒకే మాట:
బేచిరాగ్.

దీపం లేని ఊరని దానికి అర్థం,
చాయ్ ఊదుకుంటూ చెప్పాడు మాణిక్ రావు సార్.
"ఎప్పుడో గత్తరొచ్చి లేచిపోయింది.
అంత దూరం ఎందుకు టీచరమ్మా,
సున్న పెట్టి సంతకం చెయ్."

నేను పోయాను.
స్కూటీ మీద, రింగు రోడ్డు కింది సొరంగంలోంచి,
ఫిబ్రవరిలోనూ ఎండని నీళ్లు దాటి.

పటం గీయడం వాయవ్యం మూల నుంచి మొదలుపెట్టాలని
ట్రైనింగులో చెప్పారు.
వాయవ్యం మూల కప్పబండ.
తల ఉన్న చోటు డైనమైటు తిన్నది.
ఇప్పుడది కూర్చున్న మొండెం.
దాని కింద క్వారీ గుంత, గుంతలో పచ్చటి నీళ్లు,
నీళ్లలో గచ్చిబౌలి వైపు మేడ ఒకటి తలకిందులుగా,
ఇరవై ఏడు అంతస్తులు.
లెక్కపెట్టడం అప్పటికే అలవాటైపోయింది.
తూర్పున వెంచరు. సున్నం కొట్టిన ప్లాటు రాళ్లు
ఎవరూ రాని పెళ్లికి వేసిన కుర్చీల్లా.
నిజాం నాటి హద్దురాయి ఒక్కటే మిగిలింది,
దాని మీద ఒక ముసలామె బట్టలుతుకుతోంది.

"ఈడ ఊరు లేదంట గద?" అన్నాను.
"లేకుంటె నువ్వు యాడికొచ్చినవ్?" అంది.

ఇల్లు ఒకటి: బీర్ల అంజిలమ్మ.
మేకలు పందొమ్మిది. మేకలకు గడి లేదు.
ఇల్లు రెండు: వెంచరు వాచ్‌మన్ ఖాసిం, కంటెయినరులో.
ఆయన భార్య షాహేదా వయసడిగితే
"ముప్పై రాస్కో, పోయినసారి గూడ ముప్పయ్యే చెప్పిన."
మూడు నుంచి తొమ్మిది: రేకుల షెడ్లు,
కంకర మిషను కూలీలు, ఒడిశా వాళ్లు.
ఈ ఊరి పేరేమిటంటే
"సైటు" అన్నారు.

జాజు తడిపి తలుపుల మీద నంబర్లు వేశాను,
తలుపు లేని చోట రేకు మీద.
తొమ్మిదో ఇంటికి పరదానే.
నిండు నెలల మనిషి, కుంతల,
కడిగిన తట్ట తెచ్చి గుమ్మంలో బోర్లించింది,
దీని మీద రాయి అన్నట్టు.

మగవాళ్లు ఇరవై రెండు. ఆడవాళ్లు పందొమ్మిది.
నలభై ఒకటి.

లెక్క మూసేది నెలాఖరు అర్ధరాత్రి.
ఆ గడియకు ఊపిరున్నవాళ్లు తెల్లారి చచ్చిపోయినా లెక్కలో ఉంటారు.
ఆ గడియ దాటి పుట్టినవాళ్లు
మళ్లీ లెక్క దాకా ఉండరు.

మూడో రోజు సరిచూడ్డానికి వెళ్తే
తట్ట వెనకాల కుంతల ఒళ్లో ఎర్రటి మూట.
జాదుమణి సెల్లులో ఫోటో చూపించాడు,
ఫోటో మీద టైము: పన్నెండూ పదిహేడు.
కరెంటు పోయిందట. ఆ సెల్లు లైటులోనే
అంజిలమ్మ బొడ్డు కోసిందట.
"లిఖో మేడమ్."

పదిహేడు నిమిషాలు.
నిబంధన చెప్పాను. రెండుసార్లు.
నా హిందీ అంత మంచిది కాదు.
కుంతల సరేనని తలూపింది,
నిబంధన అర్థమై కాదు, నా మొహం చూసి.

గత్తర తర్వాత ఆ నేల మీద పుట్టిన మొదటి మనిషి,
నాకు తెలిసినంతలో.
పుట్టిన ఊరు పరికిగూడ అని రాయదగ్గ ఒకే ఒక్క పేరు,
దానికి అప్పటికింకా పేరే పెట్టలేదు.

నలభై ఒకటే రాశాను.
ఉద్యోగం.
బేచిరాగ్ మీద స్కేలు పెట్టి అడ్డగీత కొట్టాను.
పటంలో తొమ్మిదో ఇంటి పక్కన
చిన్న చుక్క పెట్టాను.
బావికి గుర్తుంది, మసీదుకుంది, సెల్ టవరుకుంది.
దీనికి లేదు.

మాణిక్ రావు సార్ పటాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టి
"ఇదేంది టీచరమ్మా?" అన్నాడు.

ఇంకు పడింది సార్, అన్నాను.